తెల్లమద్ది: పెంపకము, సంరక్షణ

పెరట్లో ఏ చెట్టు వేయాలి అని ఎవరినైనా అడిగితే వేప అంటారు, కొబ్బరి అంటారు, మామిడి అంటారు. వాగు ఒడ్డున, చెరువు అలుగు దాపున తాతల నాటి నుంచి నిలబడి ఉన్న తెల్లమద్ది మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. అది దానంతట అదే మొలిచేది, దానంతట అదే పెరిగేది అని మన నమ్మకం. ఈ నమ్మకం వల్ల రెండు విధాల నష్టపోతున్నాము. పాత చెట్లను బెరడు కోసం ఒలిచి చంపుకుంటున్నాము. వాటి చోట కొత్త మొక్కలు నాటడం లేదు. అందుచేత ఈనాటి ప్రసంగంలో తెల్లమద్దిని విత్తు నుంచి ఎట్లా పెంచాలో, పెరిగిన చెట్టును ఎట్లా కాపాడుకోవాలో చెప్పుకుందాము.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. మద్దిమొక్కకు గండం మొదటి మూడు వేసవులలో ఉన్నది. మద్దిచెట్టుకు గండం మన చేతి కత్తిలో ఉన్నది. ఈ రెండు గండాలూ గడిచిన చెట్టు మనుమల కాలం దాకా నిలుస్తుంది.

ఏది తెల్లమద్ది?

మద్ది మనకు కొత్త చెట్టు కాదు. చిన్నికృష్ణుడు రోలు ఈడ్చుకుంటూ పోయి కూల్చిన జంట చెట్లు మద్దులే. సంస్కృతంలో దీనినే అర్జున వృక్షం అంటారు. ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెం దగ్గర గురవాయిగూడెంలో మద్ది ఆంజనేయస్వామి కొలువై ఉన్నది కూడా మద్దిచెట్టు తొర్రలోనే. మద్దిపాడు, మద్దిరాల, మద్దికెర అని పేరులోనే మద్ది వినిపించే ఊళ్లు మనకు ఉన్నాయి. వృక్షశాస్త్రంలో దీని పేరు టెర్మినేలియా అర్జున. కరక్కాయ చెట్టు, తానికాయ చెట్టు, ఇళ్ల ముందు పెంచుకునే బాదం చెట్టు దీనికి దగ్గర చుట్టాలు.

మద్దులలో మనం ముఖ్యంగా ఎరిగినవి రెండు: తెల్లమద్ది, నల్లమద్ది. నర్సరీలో మొక్క కొనేటప్పుడు, చెట్టు కింద కాయ ఏరేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండాలి. నల్లమద్ది బెరడు నల్లగా, మొసలి వీపు మాదిరి లోతుగా పగిలి ఉంటుంది. అది గుట్టల మీద, మెట్ట అడవులలో పెరుగుతుంది. తెల్లమద్ది బెరడు నున్నగా, బూడిద తెలుపుగా, అక్కడక్కడ లేత గులాబి ఛాయతో ఉంటుంది. ఇది నీటి పట్టును కోరే చెట్టు. అందుకే దీనికి ఏరుమద్ది అని కూడా పేరు. ఆకును తిరగవేసి చూస్తే, తొడిమ దగ్గర ఆవగింజంత బుడిపెలు రెండు కనిపిస్తాయి. కాయకు నిలువుగా అయిదు రెక్కలు ఉంటాయి.

ఇంకొక సంగతి. తెల్లమద్ది తన పై పొరను తానే పెద్ద పెద్ద పెచ్చులుగా రాలుస్తుంది. అది చూసి చెట్టుకు తెగులు వచ్చింది అని కొందరు కంగారు పడతారు. అది తెగులు కాదు. పాము కుబుసం విడిచినట్లు చెట్టు పాత పొరను వదులుకుంటున్నది. దానికి మందులూ వద్దు, గీకడమూ వద్దు.

ఎక్కడ నాటాలి?

తెల్లమద్ది 20 నుంచి 25 మీటర్ల ఎత్తు పెరిగే చెట్టు. మొదలు దగ్గర పలకలు తీరి లావుగా అవుతుంది. కొమ్మలు పక్కలకు వాలి విశాలంగా నీడ పరుస్తాయి. కనుక చోటు చూసుకుని నాటాలి. ఇంటి గోడకు, బావి వరకు, మరుగుదొడ్డి గుంటకు కనీసం 10 మీటర్ల దూరం ఉంచండి. కరెంటు తీగల కింద నాటవద్దు. ఈనాడు చేతి కర్రంత ఉన్న మొక్క రేపు తీగలను అందుకుంటుంది. అప్పుడు కరెంటు వాళ్లు వచ్చి తల నరికితే తప్పు వాళ్లది కాదు.

వేళ్ల తీరు కూడా తెలుసుకోవాలి. దీని వేళ్లు లోతుకు దిగే కంటె పైపైన పక్కలకు ఎక్కువగా పాకుతాయి. వాగు ఒడ్డు కోసుకుపోకుండా మట్టిని పట్టి ఉంచే గుణం దానికి అందువల్లనే వచ్చింది. అదే గుణం వల్ల పైరు పక్కన నాటితే నీటికోసం, ఎరువు కోసం పైరుతో పోటీ పడుతుంది. కాబట్టి పొలం నడిమి గట్ల మీద వద్దు. వాగు వైపు ఒడ్డున, పశువుల కొట్టం దగ్గర, కళ్లం పక్కన, బోరు నీరు పారే కాలువ గట్టున నాటండి. పెరట్లో అయితే స్నానాల నీరు, గిన్నెలు కడిగిన నీరు పారే వైపు నాటితే రోజువారీ తడి దానంతట అదే అందుతుంది. ఒకటికంటె ఎక్కువ చెట్లు వేసేవారు చెట్టుకు చెట్టుకు 8 నుంచి 10 మీటర్లు ఎడం ఇవ్వాలి.

నేల విషయానికి వస్తే, లోతైన ఒండ్రు నేలలు శ్రేష్ఠము. ఎర్ర గరప నేలల్లో, నల్లరేగడిలో కూడా తడి ఉంటే బాగానే వస్తుంది. వానాకాలంలో కొద్ది రోజులు నీరు నిలిచినా ఓర్చుకుంటుంది. కొద్దిపాటి చౌడును కూడా తట్టుకుంటుంది. రాతి గుట్టలు, నీటి వసతి లేని గరుసు నేలలు దీనికి తగవు. అలాంటి చోట వేపో, కానుగో వేసుకోవడం మేలు.

నారు పెంచే విధము

తెల్లమద్ది ఎండాకాలంలో పూస్తుంది. ఆ పూత కాయై ముదరడానికి ఇంచుమించు ఏడాది పడుతుంది. మాఘ ఫాల్గుణాల నుంచి వైశాఖం దాకా, అంటే ఫిబ్రవరి మొదలు మే వరకు, ముదిరి గోధుమరంగు తిరిగిన కాయలు చెట్టు కింద రాలుతాయి. బాగా పెరిగి, నిటారుగా, తొర్ర లేకుండా ఉన్న చెట్టు కింద ఏరుకోండి. పురుగు తొలిచిన కాయలు, తేలికగా ఉన్న తాలు కాయలు తీసివేయండి. కిలోకు సుమారు 200 నుంచి 400 కాయలు తూగుతాయి. కాయలో నుంచి గింజ వలిచే పని లేదు, కాయనే విత్తుకోవాలి. ఏ ఏటి కాయలు ఆ ఏడే వాడుకోవాలి. నిలవ ఉన్నకొద్దీ మొలకశక్తి తగ్గిపోతుంది.

కాయ పై పెంకు గట్టిది. నీరు లోపలికి దిగక మొలక ఆలస్యమవుతుంది. అందుచేత 2 రోజులు, అంటే 48 గంటలు, చన్నీటిలో నానవేయాలి. నీటిని ఒకసారి మార్చండి. తరువాత మడిలో 2 సెంటీమీటర్ల లోతున విత్తి, పైన గడ్డి కప్పి, తడి ఆరకుండా రోజూ నీరు చల్లాలి. మొలకలన్నీ ఒక్కసారే రావు. కొన్ని రెండు మూడు వారాలకే వస్తే, కొన్ని రెండు నెలల దాకా రావు. తొందరపడి మడిని తవ్వివేయకండి. నూరు కాయలు వేస్తే 50, 60 మొలిచినా మంచి విత్తనమని అనుకోవచ్చు.

నాలుగైదు ఆకులు తొడిగిన మొలకలను మట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి నింపిన పాలితీన్ సంచులలోకి మార్చుకోవాలి. లేత వయసులో పలచని నీడ మంచిదే. కాని నాటడానికి రెండు నెలల ముందు నుంచి కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేయాలి. సంచి అడుగు నుంచి వేరు నేలలోకి దిగకుండా నెలకు ఒకసారి సంచులను జరుపుతూ ఉండండి. ఏడాది వయసు వచ్చి, మోకాటి ఎత్తు దాటిన మొక్క నాటడానికి తగినది.

గుంట, నాటు

వేసవిలోనే 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉండేటట్లు గుంట తీసి ఎండనివ్వండి. గట్టి నేల అయితే 60 సెంటీమీటర్లు తీయడం మంచిది. తొలకరి పడగానే పైమట్టిలో ఒక గంపెడు, అంటే సుమారు 10 కిలోలు, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి గుంట నింపాలి. పచ్చిపేడ వేయకూడదు. అది చెదలను పిలుస్తుంది. చెదల బెడద ఉన్న నేలల్లో పావుకిలో వేపపిండి కలపండి.

నేల బాగా నానిన తరువాత, జూన్ చివర నుంచి ఆగస్టు లోపల, ముసురు పట్టిన రోజు చూసుకుని సాయంత్రం పూట నాటండి. సంచిని పూర్తిగా చింపి తీసివేయాలి. సంచితోనే పాతిపెట్టిన మొక్కకు వేరు చుట్ట చుట్టుకుని, నాలుగైదేళ్లకు గాలికి పడిపోతుంది. సంచిలో మట్టి ఎంతవరకు ఉన్నదో గుంటలో కూడా అంతవరకే ఉండాలి. కాండం చుట్టూ మట్టి గుట్టగా పోయకండి. ఒక కర్ర పాతి వదులుగా కట్టండి. చుట్టూ తుమ్మ కంపో, రేగు కంపో వేయండి. మేకకు మద్ది చిగురు మహా ప్రీతి.

మూడు వేసవులు

వానలు ఉన్నంత కాలం మొక్క కళకళలాడుతుంది. అది చూసి అది బతికినట్లే అనుకోవద్దు. వాగు ఒడ్డున పుట్టిన జాతి కనుక లేత వయసులో ఇది ఎండుకు తాళలేదు. పైపైన పాకే వేళ్లు కావడం వల్ల పైమట్టి ఆరిన వెంటనే మొక్కకు కష్టం మొదలవుతుంది.

ఫిబ్రవరి నడుమ నుంచి జూన్ నడుమ దాకా సుమారు 17 వారాలు. మొదటి వేసవిలో వారానికి రెండు బిందెలు, రెండవ వేసవిలో వారానికి ఒక బిందె, మూడవ వేసవిలో పది రోజులకు ఒక బిందె చొప్పున పోయండి. మొత్తం లెక్క చూస్తే మూడు వేసవులకు కలిపి 60 పైచిలుకు బిందెలు అవుతాయి. నూరేళ్ల నీడకు ఇది పెద్ద ఖర్చు కాదు. నీటి ఎద్దడి ఉన్నచోట అడుగున సన్నని బెజ్జం పెట్టిన పాత కుండను మొక్కకు అడుగు దూరంలో మెడ దాకా పాతి, బెజ్జంలో గుడ్డపేలిక దూర్చి, కుండను నీటితో నింపండి. నీరు కొద్దికొద్దిగా వేరుకు చేరుతుంది. ఎండకు ఆవిరైపోదు.

మొక్క చుట్టూ మీటరు మేర కలుపు లేకుండా ఉంచి, ఎండుటాకు, చెరకు ఆకు, వేరుశనగ పొట్టు ఏది దొరికితే అది నాలుగు వేళ్ల మందాన పరచండి. కాండానికి మాత్రం తగలనివ్వకండి. మద్ది ఎండాకాలం మొదట్లో పాత ఆకు రాల్చి, తరువాత చిగురిస్తుంది. ఆకు రాలిన మొక్కను చచ్చిందనుకుని పీకివేయకండి. బెరడు మీద గోటితో సన్నగా గీసి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్లే.

విస్తరణ కార్యకర్తలు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఊరిలో ఎన్ని మొక్కలు నాటించాము అనే లెక్క జూలైలో రాసుకుంటాము. అసలు లెక్క రాయవలసింది మూడవ ఏడు మే నెలలో. అప్పుడు పచ్చగా ఉన్న మొక్కలే ఆ ఊరికి మిగిలిన చెట్లు. నీరు పోసే మనిషి ఎవరో తేలకుండా మొక్క ఇవ్వకపోవడమే మంచిది.

కొమ్మలు, పురుగులు

కాండం నిటారుగా రావాలంటే మొదటి మూడు నాలుగేళ్లు కింది కొమ్మలను కొద్దికొద్దిగా తీయాలి. మొక్క ఎత్తులో కింది మూడవ వంతుకు మించి తీయకూడదు. మొవ్వు రెండుగా చీలితే బలమైనది ఉంచి రెండవది తీసివేయండి. వానలు వెనుకపట్టి పొడి వాతావరణం వచ్చినప్పుడు, పదునైన రంపంతో, కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బును కోయకుండా దాని పైన కోయండి. ఆ ఉబ్బు నుంచే గాయం మూసుకుంటుంది.

ఆకుల మీద పులిపిరుల వంటి బొడిపెలు కనిపిస్తే అది సన్నని రసం పీల్చే పురుగు పని. పెద్ద చెట్టుకు దానివల్ల హాని లేదు. నారుమడిలో కనిపిస్తే మాత్రం ఆ ఆకులు తుంచి కాల్చివేయాలి. కాండం మీద సాలెగూడు వంటి జాలు, అందులో రంపపు పొట్టు వంటి పొడి కనిపిస్తే బెరడు తినే గొంగళి లోపల ఉన్నదన్నమాట. జాలును తుడిచి, రంధ్రంలోకి సన్నని ఇనుప తీగ పోనిచ్చి పురుగును చంపి, కిరసనాయిలులో తడిపిన దూదిని పెట్టి బంకమట్టితో మూసివేయండి.

చెట్టు ప్రాణం బెరడులో ఉన్నది

ఇప్పుడు రెండవ గండం. మద్ది బెరడును ఆయుర్వేదంలో గుండె జబ్బులకు ఎంతో కాలంగా వాడుతున్నారు. తోళ్లు ఊనడానికి కూడా ఇది పనికివస్తుంది. గిరాకీ ఉన్నది కనుక కొనేవాళ్లు వస్తారు. వాగు ఒడ్డున దిక్కులేని చెట్టు కనిపిస్తే మొదలు చుట్టూ మనిషి ఎత్తు దాకా ఒలిచి పోతారు. మరునాడు చూస్తే చెట్టు పచ్చగానే ఉంటుంది. నెలకు కూడా పచ్చగానే ఉంటుంది. ఒకటి రెండు ఏళ్లకు పై నుంచి ఎండుతూ వస్తుంది. అప్పుడు జనం గాలి సోకింది అంటారు, దిష్టి తగిలింది అంటారు.

జరిగినది ఏమిటో చెబుతాను వినండి. వేరు పీల్చిన నీరు చెక్కలో నుంచి పైకి పోతుంది. ఆకులు తయారుచేసిన ఆహారం లోపలి బెరడులో నుంచి కిందికి దిగుతుంది. చుట్టూ బెరడు తీసివేసినా చెక్క ఉన్నది కనుక నీరు పైకి పోతూనే ఉంటుంది. ఆకు పచ్చగా ఉండడానికి కారణం అదే. కాని కిందికి వచ్చే దారి తెగింది. వేళ్లకు అన్నం లేదు. దాచుకున్న తిండి అయిపోయేదాకా అవి నీరు పంపుతాయి, తరువాత చస్తాయి. వేళ్లు చచ్చిన చెట్టును ఏ మందూ బతికించలేదు. పైగా ఒడ్డును పట్టి ఉంచే వేళ్లు కుళ్లిపోతే, రెండు మూడు వరదలలో ఒడ్డు మట్టి జారి, వెనుక ఉన్న పొలం కోతకు గురి అవుతుంది. బెరడు అమ్మిన డబ్బు ఒకరికి, పొలం నష్టం ఇంకొకరికి.

మరి బెరడు తీయనే కూడదా? తీయవచ్చు. పద్ధతి తెలిసి తీయాలి. ముందుగా నరికిన కొమ్మల బెరడు, గాలికి పడిన చెట్ల బెరడు వాడుకోండి. నిలిచి ఉన్న చెట్టు నుంచి తీయాలంటే అది బాగా ముదిరిన చెట్టు అయి ఉండాలి. కాండానికి ఎదురెదురుగా రెండు వైపుల, నిలువు పట్టీలుగా మాత్రమే తీయాలి. పట్టీ వెడల్పు అరచేతికి మించకూడదు. రెండు పట్టీలు కలిసినా కాండం చుట్టుకొలతలో నాలుగవ వంతు దాటకూడదు. పై పొర, నడిమి పొర వరకే తీసి, చెక్కను అంటుకుని తడిగా ఉండే లోపలి పొరను ముట్టకూడదు. గొడ్డలితో చెక్కను నరకకూడదు. తీసినచోట పేడ, బంకమట్టి కలిపి పూయండి. లోపలి పొర చెడకుండా ఉంటే అక్కడ మళ్లీ బెరడు కడుతుంది. అదే చోట తిరిగి తీయడానికి కనీసం రెండేళ్లు ఆగాలి. తీసిన బెరడును నీడన, విరిస్తే పెళుక్కున విరిగేదాకా ఆరబెట్టాలి. తడి ఉంటే బూజు పడుతుంది.

ఇంట్లో గుండె జబ్బు ఉన్నవారు ఉంటే వారికి కూడా ఒక మాట. డాక్టరు ఇచ్చిన మందులు మానుకుని చెట్టు బెరడు కషాయం తాగడం ప్రమాదం. వైద్యుని అడగకుండా మందులతో కలిపి కూడా తీసుకోవద్దు.

పట్టుకు, కలపకు

ఈ చెట్టు ఆకుకు కూడా విలువ ఉన్నది. దసలి పట్టుపురుగు మద్ది ఆకు తిని గూడు కడుతుంది. తెలంగాణలో చెన్నూరు, మహదేవపూర్ ప్రాంతాలు దసలి పట్టుకు పేరు పొందినవి. మల్బరీ పట్టుపురుగు మాదిరి దీనిని ఇంట్లో తట్టలలో పెంచరు. ఆరుబయట చెట్టు మీదనే పెంచుతారు. నాలుగు జ్వరాలు, అంటే నాలుగుసార్లు కుబుసం విడిచి, ఆకుల నడుమ గూడు కట్టుకుంటుంది. మణిపూర్‌లో, హిమాలయ ప్రాంతాలలో ఇదే విధంగా ఓక్ చెట్ల మీద మరొక జాతి దసలి పురుగును పెంచుతారు. దసలి కోసం వేసే మద్దితోటను దగ్గర దగ్గరగా నాటి, మనిషికి అందే ఎత్తులో కత్తిరిస్తూ ఉండాలి. ఇది మళ్లీ మళ్లీ చిగురించే చెట్టు కనుక కత్తిరింపును ఓర్చుకుంటుంది. పురుగు ఉన్న రోజులలో ఆ తోట మీదనే కాదు, పక్క చేలలో కూడా పురుగుమందు కొట్టరాదు. రోగం లేని గుడ్లు పట్టు పరిశ్రమ శాఖ ద్వారానే తీసుకోండి.

కలప గట్టిది, బరువైనది. బండ్లకు, వ్యవసాయ పనిముట్లకు, పడవలకు వాడుక. నీటి తడిని బాగా ఓర్చుకుంటుంది. కోసిన వెంటనే ఎండలో పెడితే మాత్రం చీలుతుంది. నీడలో నెమ్మదిగా ఆరనివ్వాలి. మన సొంత భూమిలోని చెట్టయినా కొట్టే ముందు అనుమతి కావాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా చట్టం, ఈ విషయం చెబుతుంది. వాగు ఒడ్డు, అడవి మన సొంతం కావు. అక్కడి చెట్టు బెరడు తీయడం నేరం కిందికి వస్తుంది.

సోదరులారా! చెప్పిన మాటలను మరొకసారి గుర్తు చేస్తాను. ఇంటికి 10 మీటర్ల దూరంలో, తడి ఉన్న చోట నాటండి. సంచి చింపి నాటండి. మూడు వేసవులు నీరు పోయండి. మేక నుంచి కంపతో, మనిషి నుంచి కంటితో కాపాడండి. బెరడు చుట్టూ ఎన్నడూ ఒలవకండి, ఒలవనీయకండి. మీ ఊరి వాగు ఒడ్డున మద్దులు ఎన్ని మిగిలాయో ఈ వారంలోనే ఒకసారి నడిచి చూసి రండి. బెరడు పాక్షికంగా పోయిన చెట్లు కనిపిస్తే గాయానికి పేడమట్టి పూయండి. చుట్టూ ఒలిచిన చెట్టు కనిపిస్తే దాని పక్కనే వచ్చే తొలకరికి ఒక మొక్కకు గుంట గుర్తు పెట్టుకోండి. పాత చెట్టు కింద రాలిన కాయలు ఇప్పటికీ ఉచితమే. ఏరుకునే చెయ్యి మీది కావాలి.